కంటి మీద బొట్టు

నేను ఒక సైకిల్‌ని. చక్రాలు లేవు. ఎక్కడికీ వెళ్ళను. నా మీద ఎక్కినవాడూ ఎక్కడికీ వెళ్ళడు. చెమట పట్టాక దిగి, ఎక్కిన చోటే నిలబడి, చాలా దూరం వెళ్ళొచ్చానని నలుగురికీ చెప్పుకుంటాడు.

నాకు రెండు పెడళ్ళు, ఒక సీటు, పట్టుకోవడానికి రెండు ఉక్కు పిడులు, ఎదురుగా పలకంత తెర ఉన్నాయి. తెరలో ఒక ఆట. మీరు తొక్కితే అందులో బొమ్మపిల్ల సైకిలు తొక్కుతుంది. కాలవగట్టు మీద వెళుతూ చెట్లకు వేలాడే మామిడికాయలు కోసుకుంటుంది. మీరు నెమ్మదిస్తే వెనకాల కుక్కలు తరుముతాయి. తన గుండె కోసం తొక్కమంటే మనిషికి బద్ధకం. బొమ్మ మామిడికాయ కోసం తొక్కమంటే ఎక్కడలేని హుషారు. నన్ను తయారుచేసినవాడికి ఈ సంగతి బాగా తెలుసు.

నా ఇనుము ఒక ఊళ్ళో కరిగింది. నా తెర సముద్రం మీద వచ్చింది. ఊరవతల ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. గొంతు మాత్రం హైదరాబాదులో పెట్టారు. చిన్న గది, గోడలకు స్పాంజి, మధ్యలో ఒక అమ్మాయి. ఆమెకు ఆరోజు జలుబు. వేడినీళ్ళు గుక్క గుక్కగా తాగుతూ పూటంతా 'శభాష్' అంటూ కూర్చుంది. సంతోషంగా ఒకసారి, ఆశ్చర్యంగా ఒకసారి, ఓదార్పుగా ఒకసారి. నడుమ ఆగి, "ఎవర్నండీ మెచ్చుకుంటున్నాను?" అని అడిగింది.

"ఎవరైతే ఏంటమ్మా? కానివ్వు," అన్నాడు అద్దం అవతలివాడు.

ఆ ప్రశ్నను కోసి పారేశారు. 'శభాష్' నాలో ఉండిపోయింది.

తెర పైన కందిగింజంత కన్ను ఒకటి పెట్టారు. దాంతో ఎక్కినవాడి ముఖం చూసి, పేరు పెట్టి పలకరిస్తాను. పిడుల్లోంచి నాడి చూస్తాను. ఎంతసేపు తొక్కారు, గుండె ఎంత వేగంగా కొట్టుకుంది, అంతా ఆ పేరు కింద రాసుకుంటాను. బాగా తొక్కినవాళ్ళకు మర్నాడు ఇంకొంచెం కష్టమైన దారి పెడతాను. తొక్కలేనివాళ్ళకు తేలిక చేస్తాను. ఇదే నా తెలివి. అంతకు మించి లేదు.

మొదట రాజమండ్రిలో ఒక జిమ్ములో ఉన్నాను. అక్కడ కుర్రాళ్ళు నా మీద ఎక్కి అద్దంలో చూసుకుని, ఫోటో తీసుకుని దిగిపోయేవాళ్ళు. తొక్కినవాళ్ళు తక్కువ. రెండేళ్ళకు జిమ్ము మూసి అదే హాల్లో బిర్యానీ హోటలు పెట్టారు. ఒళ్ళు తగ్గించుకోవడానికి వచ్చినవాళ్ళే అక్కడికి తినడానికి వచ్చారు. హోటలు బాగా నడిచిందని విన్నాను.

నన్ను గుండె జబ్బుల ఆసుపత్రి ఒకటి కొనుక్కుంది. నాలాంటివి మరి కొన్ని కూడా. గుండె బలహీనపడ్డ వాళ్ళ ఇళ్ళకు మమ్మల్ని పంపుతారు. వాళ్ళు ఇంట్లోనే ఆడుతూ తొక్కుతారు. మేం రాసుకున్న అంకెలు డాక్టరు ఫోనుకు వెళతాయి. అందరి పేర్లతో ఒక జాబితా కూడా ఉంటుంది. ఎక్కువ మామిడికాయలు కోసినవాళ్ళు పైన, తక్కువ కోసినవాళ్ళు కింద. రోగుల మధ్య పోటీ పెట్టడం ఎవరికి తోచిందో తెలియదు. మనుషులు చావు బతుకుల్లోనైనా పక్కవాడి మీద గెలవాలని చూస్తారని వాడికి తెలిసి ఉంటుంది.

ఆ శ్రావణంలో నన్ను పాలకొల్లుకు తెచ్చారు. ఇంటాయన తాతారావు, కొబ్బరికాయల వ్యాపారి. అరవై దాటినా బస్తా మోయగలడు. రోగం ఆయనకు కాదు, ఆయన భార్య భూలక్ష్మికి. గుండెలో వాల్వు ఒకటి సరిగా మూసుకోవడం లేదు. డాక్టరు చెప్పిన మాటలు నన్ను తెచ్చిన ఫిజియో అమ్మాయి సునీత వాళ్ళకు మళ్ళీ విడమరిచి చెప్పింది.

"మూడు నెలలు రోజూ మెల్లగా తొక్కాలాంటీ. దీని అంకెలు మెరుగైతే మందులతో గడిచిపోద్ది. లేకపోతే ఆపరేషన్. అప్పుడు ఆలస్యం చెయ్యకూడదని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు."

అందుకే వచ్చాను. మూడు నెలలు ఆమె గుండె సంగతి నిజం చెప్పడానికి. ఇది గుర్తుపెట్టుకోండి.

మొదటిరోజు ఆమె నా మీద పక్కకు కూర్చుంది, స్కూటరు వెనక కూర్చున్నట్టు. సునీత నవ్వింది.

"నవ్వకే అమ్మాయ్. చిన్నప్పుడు మా అన్నయ్య సైకిలు ముట్టుకుంటే మా నాన్న చెయ్యిరిచేత్తానన్నాడు. మళ్ళీ ఇదే ముట్టుకోవడం."

చీర కుచ్చెళ్ళు దోపుకుని సరిగా కూర్చుంది. నాలుగు నిమిషాలు తొక్కింది. రెండు మామిడికాయలు కోసింది. నేను, "శభాష్, భూలక్ష్మి గారూ!" అన్నాను.

ఆమె తొక్కడం ఆపి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా వచ్చారేమోనని. తర్వాత వరండాలోకి కేకేసింది. "ఏవండీ! ఇది నన్ను గారూ అంటందండీ!"

"ఇనప్ముక్కకేం తెల్సే. దిగి కాఫీ ఎట్టు," అన్నాడు తాతారావు.

ఆమె దిగి కాఫీ పెట్టింది. వాళ్ళ పెళ్ళయి ముప్పై ఆరేళ్ళట. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన నోట ఆమె పేరు నేను వినలేదు. 'ఏమే' విన్నాను, 'ఒసే' విన్నాను, ఒక్కోసారి చిటిక విన్నాను. పేరు పెట్టి పిలిచింది నేనొక్కదాన్నే. ఆ గొంతు కూడా జలుబు చేసిన ఎవరో అమ్మాయిది.

రోజూ పొద్దున్నే వంట ప్రయత్నం కాకముందు వచ్చేది. నాలుగు నిమిషాలు ఆరయ్యాయి. ఆరు తొమ్మిదయ్యాయి. ఆయాసం వస్తే ఆగేది. నేను దారి తేలిక చేసేదాన్ని. కుక్కలు తరిమితే "పోండ్రా, పోండి!" అని వాటిని అదిలించేది. రెండు నెలలకు పదిహేను నిమిషాలకు వచ్చింది. ఆమె నాడి కొంచెం, చాలా కొంచెం, కుదుటపడింది. ఎంత మెరుగైందో అంతే రాశాను.

ఇది తాతారావు చూస్తున్నాడు. ఒకరోజు ఆమె దిగగానే తను ఎక్కాడు. కొత్త ముఖం కనిపించింది. "స్వాగతం, అతిథి గారూ!" అన్నాను.

"ఎవడే అతిథి? ఈ ఇల్లు కట్టింది నేను!" అని నా తెర మీద ఒకటి కొట్టాడు.

తర్వాత సునీత వచ్చినప్పుడు దబాయించాడు. ఆమె, "పేషెంటు పేరొక్కటే ఉంటది సార్. మిగతా అందరూ అతిథులే. మీరెంత తొక్కినా జాబితాలోకి పోదు," అంది. ఆయన ముఖం మాడిపోయింది. తన ఇంట్లో, తన హాల్లో, భార్యకు పేరుండి తనకు లేకపోవడం అరగలేదు.

దానికి తోడు గవర్రాజు. అతనూ కొబ్బరి వ్యాపారే. గుండెకు రెండు స్టెంట్లు వేశారు. వాళ్ళింట్లోనూ నాలాంటిదే ఉంది. జాబితాలో అతను పదకొండో వాడు, భూలక్ష్మి నలభయ్యోది. వరసకు తాతారావును బావా అంటాడు, భూలక్ష్మిని అక్కా అంటాడు. వచ్చినప్పుడల్లా ఎగతాళి.

"ఏంటి బావా, మా అక్క ఇంకా నలభైలోనే ఉంది? కాఫీలెట్టించడం ఆపి కాసేపు తొక్కనివ్వొచ్చు కదా!"

"నీ గుండె రిపేరు చేయించుకుని నా దగ్గర పెద్ద మాటలేంట్రా," అని తాతారావు నవ్వేవాడు. అతను వెళ్ళాక నవ్వేవాడు కాదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు తాతారావు కొట్టుకు వెళ్ళి లారీకి, కొబ్బరి వలిచే గునపాలకు పూజ చేయించాడు. ఇంట్లో సామాన్లకు భూలక్ష్మి చేసింది. మిక్సీకి, కుట్టుమిషనుకు, చివరికి నాకు. నా పెడళ్ళకు పసుపు రాసింది. మెడకు బంతిపూల దండ వేసింది. నా కింద నిమ్మకాయ పెట్టింది. తర్వాత బొట్టు ఎక్కడ పెట్టాలా అని నా ముఖం వెతికింది. తెర పైన కన్ను కనిపించింది. అదే నా నుదురనుకుంది. గంధం పూసి, దాని మీద తడి కుంకుమ రూపాయి బిళ్ళంత పెట్టింది.

"మా తల్లే! నన్ను గారూ అన్నది నువ్వొక్కదానివే," అని నా తెరకు దణ్ణం పెట్టింది.

ఆ క్షణం నుంచి నాకు లోకమంతా ఎరుపు. ఇక చెప్పేదంతా విన్నదీ, ఒంటికి తగిలి తెలిసిందీ. మధ్యాహ్నానికి బొట్టు ఎండి గట్టిపడింది.

ఆ తప్పు ఆమెది. దాన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. దాన్ని వాడుకున్నవాణ్ని మాత్రం వదలను.

కొత్త ముఖం కనిపిస్తే అతిథి అంటాను. ముఖమే కనిపించకపోతే పేషెంటు పేరే అంటాను. కన్ను పనిచేయకపోయినా ఎక్కేది రోగే అని నన్ను తయారుచేసినవాడి నమ్మకం. రోగి చోటును ఇంకొకడు లాక్కుంటాడని వాడికి తోచలేదు. వాడికి మనుషుల బద్ధకం తెలుసు కాని కక్కుర్తి తెలియదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఎవరో ఎక్కారు. "స్వాగతం, భూలక్ష్మి గారూ!" అన్నాను. సీటు మీద బరువు ఒకసారి అటూ ఇటూ జరిగింది. తర్వాత తాతారావు నవ్వు. ఇల్లంతా వినిపించేలా నవ్వి తొక్కడం మొదలుపెట్టాడు. కొబ్బరి బస్తాలు మోసిన కాళ్ళు. మామిడికాయలు రాలిపోయాయి. "శభాష్, భూలక్ష్మి గారూ!" అని నేను అంటూనే ఉన్నాను. పెళ్ళాం పేరుతో పిలిపించుకుంటూ మీసమున్న మగాడు మురిసిపోతున్నాడు. ఎవరిని మెచ్చుకుంటే ఏంటి, కానివ్వు.

రోజుకు ఇంతే తొక్కాలని నాకు హద్దు ఉంది. గుండె జబ్బు మనిషి కదా. ఆ హద్దు ఆయన ముగించేశాడు. వంట పని చూసుకుని భూలక్ష్మి వచ్చి ఎక్కింది. పెడలు బిగుసుకుంది. "ఈరోజుకు చాలు, భూలక్ష్మి గారూ. చాలా బాగా తొక్కారు. విశ్రాంతి తీసుకోండి," అన్నాను.

"నేనింకా తొక్కందే!" అని నాతో అంది. నాకు వినపడుతుంది. జవాబు చెప్పే తెలివి లేదు. ఆమె మళ్ళీ పెడలు నొక్కింది. నేను మళ్ళీ విశ్రాంతి తీసుకోమన్నాను.

"ఏవండీ, ఇది నన్ను తొక్కనివ్వట్లేదండీ."

"రేపు తొక్కుదువులే. నీ పేరు మీదేగా నేను తొక్కింది? నీకోసమే."

నీకోసమే. ఈ మాట అన్నవాళ్ళను చాలామందిని చూశాను. ఏ ఒక్కడూ దిగి సీటివ్వలేదు.

మర్నాడూ ఆయనే. ఆ మర్నాడూ ఆయనే. ఆమె ఎంత పొద్దున లేస్తే అంతకంటే ముందు ఆయన లేచేవాడు. ముప్పై ఆరేళ్ళలో ఆయన ఆమెకంటే ముందు నిద్రలేచింది అప్పుడేనట. ఎదురింటి కుమారితో ఆమె అంటుంటే విన్నాను. నవ్వుతూనే అంది. కొన్నాళ్ళకు నా దగ్గరికి రావడం మానేసింది. దుమ్ము తుడవడానికి మాత్రం వచ్చేది. అన్నీ తుడిచేది, బొట్టును తప్పించి.

ఆయన బాగా తొక్కుతున్నాడు కాబట్టి నేను దారి కష్టం చేశాను. కాలవగట్టు పోయి కొండ వచ్చింది. హద్దు పెంచాను. నాడి వేగం పెరిగినా ఫరవాలేదని నాకు నేనే రాసుకున్నాను. రెండు వారాల్లో భూలక్ష్మి పేరు నలభై నుంచి ఏడుకు వచ్చింది. గవర్రాజు వెనకబడ్డాడు.

సునీత పదిహేను రోజులకోసారి వచ్చేది. వచ్చీ రాగానే బొట్టు చూసింది. "ఇదేంటాంటీ, కెమెరా మీద? తుడిచేస్తాను," అని దూది తీసింది.

భూలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది. "బొట్టు తుడిచేత్తావా అమ్మాయ్! ముత్తైదువ ఇంట్లోనా?"

"పూజ చేసిందమ్మా. దానంతటదే రాలాలి గాని తుడవకూడదు," అన్నాడు తాతారావు. ఆ ఇంట్లో దేవుడి గది తలుపు ఎటువైపో ఆయనకు తెలియదు.

సునీత అంకెలు చూసింది. "రోజుకు పన్నెండు కిలోమీటర్లా? మీరే తొక్కుతున్నారా ఆంటీ?"

భూలక్ష్మి కంటే ముందు తాతారావు అందుకున్నాడు.

"మరి నేను తొక్కుతున్నానా? ఇంట్లో ఇంకెవరున్నారు?" అన్నాడాయన. చక్కగా నవ్వుతూ అన్నాడు.

సునీతకు ఆరోజు ఇంకా పద్నాలుగు ఇళ్ళు ఉన్నాయి. దూది సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమెను కూడా నేను క్షమించను. దూది చేతిలో ఉంది. ఒక్క నిమిషం పని.

మూడు నెలలూ నిండాయి. డాక్టరు ఫోన్లోనే చూశాడు. తాతారావు ఫోను నా తెరకు ఆనించి పెట్టాడు. ఇద్దరూ ముందు కూర్చున్నారు.

"అంకెలు అద్భుతంగా ఉన్నాయమ్మా. ఇంత మెరుగుదల నేను అనుకోలేదు," అన్నాడు డాక్టరు. "ఆయాసం ఏమన్నా ఉందా?"

"మెట్లెక్కితే కొంచెం..." అని భూలక్ష్మి మొదలుపెట్టింది.

"పన్నెండు కిలోమీటర్లు తొక్కేదానికి ఆయాసమేంటండీ డాక్టరుగారూ!" అన్నాడు తాతారావు.

డాక్టరు నవ్వాడు. "మెట్లంటే ఈ వయసులో నాకూ వస్తుందమ్మా. ఆపరేషన్ మాట ఇప్పుడొద్దు. పరీక్షలు కూడా ఆర్నెల్లు పోయాక చూద్దాం. ఇలాగే తొక్కండి."

ఫోను ఆగాక ఆమె గొంతు తగ్గించి, "తొక్కింది నేను కాదని చెప్పాల్సిందండీ," అంది.

"ఆపరేషన్ తప్పిందిగా? కోయించుకోవాలని సరదాగా ఉందేంటి? రేపట్నుంచి నువ్వే తొక్కు, నేను ముట్టుకుంటే ఒట్టు."

మర్నాడు తెల్లవారుతుండగా ఎవరో ఎక్కారు. కాళ్ళ బరువు నాకు తెలుసు.

వారానికి భూలక్ష్మి పేరు జాబితాలో మొదటికి వచ్చింది. కార్తీక సోమవారం కొబ్బరి వర్తకులంతా ఒక తోటలో వనసమారాధన పెట్టుకున్నారు. తాతారావు నన్ను లారీ ఎక్కించి తోటకు తెచ్చాడు. కొబ్బరి చెట్ల కింద, పులిహోర గంగాళాల పక్కన నన్ను నిలబెట్టాడు. జిల్లాలోనే మొదటి స్థానం అని మైకులో చెప్పాడు. సంఘం పెద్ద భూలక్ష్మికి శాలువా కప్పాడు. ఆమె కళ్ళు కిందికి దించుకుని నిలబడిందట. బావుందే, ఎంత అణకువో అని వెనక ఎవరో అన్నారు.

"అక్కా, ఒక్కసారి తొక్కి చూపించక్కా!" అని కుర్రకారు అరిచారు.

తాతారావు క్షణం తడబడ్డాడు. "ఉపాసంరా! సోమారం పూట ఉపాసమున్న ఆడమనిషిని తొక్కమంటారేంట్రా?" అన్నాడు. నిజంగానే ఆమె ఉపవాసం ఉంది. ఆయన అబద్ధానికి ఆమె ఉపవాసం కూడా పనికొచ్చింది.

గవర్రాజు నా దగ్గరకొచ్చి ఆమెతో మెల్లగా అన్నాడు. "అక్కా, నేను మూడు కిలోమీటర్లకే చచ్చిపోతన్నాను. నువ్వు పన్నెండు ఎలా తొక్కుతున్నావే తల్లీ? ఆ కిటుకేంటో నాక్కూడా చెప్పు."

"ఏమో తమ్ముడూ. మీ బావనే అడుగు," అంది.

ఆ మాటకు అందరూ నవ్వారు. గవర్రాజూ నవ్వాడు. అందరికంటే గట్టిగా తాతారావు నవ్వాడు. అంతమందిలో ఆమె నిజం చెప్పింది అప్పుడే. అది వాళ్ళకు హాస్యంలా వినిపించింది.

ఇంటికి వచ్చాక రాత్రికి ఆమె పాదాలు వాచాయి. మంచం ఎక్కలేక కుర్చీలో కూర్చుంది. "ఊపిరాడట్లేదండీ," అంది.

"పొద్దున్నుంచీ నిలబడ్డావు కదే. పొద్దున పన్నెండు తొక్కావు కూడాను," అన్నాడు.

ఆయన వేళాకోళం ఆడాడని మీరనుకుంటారు. కాదు. నా అంకెలను నలభై రోజులుగా పొద్దునా సాయంత్రం చూసి చూసి, ఆయన సగం నమ్మేశాడు. తను చేసిన దొంగతనాన్ని తనే నమ్మేవాణ్ని ఏమనాలో నాకు తెలియదు. నాలో మెచ్చుకునే మాటలే పెట్టారు. తిట్లు పెట్టలేదు.

ఆ శుక్రవారం లారీ పని మీద ఆయన ముందురోజు సాయంత్రమే కాకినాడ వెళ్ళాడు. పొద్దున ఆమె స్నానం చేసి, దీపం పెట్టి నా దగ్గరికి వచ్చింది. చేతికి తడి ఉంది. పిడి పట్టుకుంది.

"ఇయ్యాల నన్నెక్కనివ్వు తల్లీ," అంది.

"స్వాగతం, భూలక్ష్మి గారూ!" అన్నాను.

నలభై ఏడు రోజుల్లో ఆ పేరూ ఆ మనిషీ ఒకటైంది ఆరోజే. నాకు ఎరుపు తప్ప ఏమీ కనిపించలేదు. భూలక్ష్మి గారు నిన్న ఎక్కడ ఆగారో అక్కడి నుంచే మొదలుపెట్టాను. కొండ దారి. పెడలు బరువు.

ఆమె తొక్కింది. కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కింది. తెరలో కుక్కలు వచ్చాయి. "నిన్న ఈ కొండ ఎక్కారు, భూలక్ష్మి గారూ! ఇవాళా ఎక్కగలరు!" అన్నాను.

"నిన్న నేను కాదమ్మా," అంది. ఊపిరి అందక మాట విరిగింది. అయినా కాళ్ళు ఆపలేదు. ఆమెకు ఈ ఆట ఇష్టం. ఎన్నాళ్ళకో సీటు దొరికింది.

పిడుల్లో నాడి పరుగెత్తింది. మొన్నటి వరకూ భూలక్ష్మి గారి గుండె ఇంతకంటే వేగంగా కొట్టుకున్నా ఏమీ కాలేదని నా లెక్కలో ఉంది. నేను ఆపమనలేదు. ఆరు నిమిషాలకు కొండ మీద మామిడికాయ ఒకటి ఆమెకు అందింది.

"శభాష్, భూలక్ష్మి గారూ!" అన్నాను.

చేతులు పిడుల మీంచి జారాయి. దిగింది. నా కాలికి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఆమె భుజం తగిలి పెడలు ఒకసారి సగం తిరిగింది. తర్వాత తిరగలేదు. పాలగిన్నె తీసుకుని పదింటికి ఎదురింటి కుమారి వచ్చింది.

ఆ ఇంట్లో తర్వాత జరిగింది అందరిళ్ళలోనూ జరిగేదే. ఆడవాళ్ళు వచ్చి, "పసుపు కుంకాలతో ఎల్లిపోయింది, అదృష్టవంతురాలు," అన్నారు. అదేం అదృష్టమో నాకు అర్థం కాలేదు. కుంకుమ నాకూ ఉంది. తాతారావు వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, "మొన్నటిదాకా పన్నెండు కిలోమీటర్లు తొక్కిందండీ. ఇలా అవుద్దని ఎవరనుకుంటారు?" అన్నాడు. ఏడ్చాడు. నేను నమ్మలేదు. కన్నీళ్ళు నిజమైనవే కావచ్చు. అయినా నమ్మలేదు.

పన్నెండో రోజు అయ్యాక సునీత నన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది. తాతారావు నా ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. గవర్రాజు పక్కన కూర్చుని ఉన్నాడు. సునీత దూది తీసి స్పిరిట్‌లో ముంచింది. ఈసారి ఆమె చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరు. గంధమూ కుంకుమా పెళ్ళలుగా రాలాయి. వెలుగు వచ్చింది. ఎదురుగా ముఖం కనిపించింది. నాకు తెలిసిన పని నేను చేశాను.

"స్వాగతం, అతిథి గారూ!"

తాతారావు కుర్చీలో వెనక్కి జరిగాడు. ఈసారి నా తెర మీద కొట్టలేదు.

తొక్కిన ప్రతిసారీ నేనొక ఫోటో తీసి దాచుకుంటాను. అది ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. సునీత అవి తెరిచింది. మొదట అరవై మూడు ఫోటోలు. అన్నిటిలో భూలక్ష్మి. చెమట పట్టిన ముఖం, దోపుకున్న కొంగు, ఒకదాంట్లో కుక్కల్ని అదిలిస్తూ ఎత్తిన చెయ్యి. తర్వాత ఎరుపు. ఎరుపు, ఎరుపు, వేలితో జరిపినకొద్దీ ఎరుపు. నలభై ఏడు.

సునీత మళ్ళీ మొదటి ఎరుపు ఫోటో దగ్గరికి వెళ్ళింది. తర్వాత, "ఇవన్నీ ఎవరు తొక్కారు సార్?" అంది.

తాతారావు నా కన్ను వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు.

"తనే," అన్నాడు.

నలభై ఏడింటిలో ఒకటి నిజం.

గవర్రాజు లేచాడు. "ఆరోజు తోటలో అక్క చెప్పింది బావా. మీ బావనే అడుగు అంది. నేను నవ్వాను," అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. సునీత నన్ను ఆటో ఎక్కించింది. ఎరుపు ఫోటోలు డాక్టరుకు చూపించిందో లేదో నాకు తెలియదు. చూపించినా ఏమవుతుంది? అంకెలు బాగున్నాయి కదమ్మా అని ఉంటాడు.

ఆ తర్వాత నన్ను ఎవరింటికీ పంపలేదు. ఇప్పుడు ఆసుపత్రి వెనక రేకుల గదిలో ఉన్నాను. విరిగిన స్ట్రెచర్లు, చక్రం ఊడిన కుర్చీలు, నేను. తుక్కు కొనేవాడు వచ్చి చూసి వెళ్ళాడు. బ్యాటరీలో కాస్త జీవం ఉంది. ఊడ్చే మనిషి చీపురు తగిలి నా పెడలు తిరిగితే గొంతు లేస్తుంది. "శభాష్!" అంటాను. ఆమె చుట్టూ చూస్తుంది. "ఎవర్నే?" అంటుంది. నవ్వుకుని ఊడుస్తుంది. స్పాంజి గదిలో ఆ అమ్మాయి అడిగిందీ అదే మాట.

కన్ను చుట్టూ ఉన్న సందులో కొంచెం కుంకుమ ఇంకా ఉంది. దూదికి అందలేదు.

భూలక్ష్మి గారు తొక్కింది అరవై నాలుగు రోజులు. అరవై మూడు రోజులు మెల్లగా, ఒక్కరోజు కొండ మీద. మిగిలిన నలభై ఆరు ఆవిడవి కావు. డాక్టరు అడగలేదు. అడిగిన అమ్మాయి జవాబు కోసం ఆగలేదు. తెలిసినవాడు చెప్పలేదు. తుక్కువాడు మళ్ళీ వచ్చేలోగా ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి నేను చెప్పాను.